పని లేనప్పుడు వణికే చెయ్యి

సోల్ ఇన్‌బే చేతులు వణుకుతున్నాయి. బ్యోన్ సంగ్‌దోకి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. సాయంత్రం ఐదింటికి ఇన్‌బే ఫైలు, ఇన్‌బే, రెండూ ప్రాసిక్యూటర్ దగ్గరకు వెళ్లాలి. వెళ్తే ముప్పై మూడేళ్ల ఆ మనిషి తన గురువును చంపినవాడిగా జైల్లో పడతాడు. అది ఆపడానికి నా దగ్గరున్నవి రెండు గంటల యాభై నిమిషాలు, ఒక అనుమానం.

విచారణ గది అద్దానికి ఇవతల నుంచి చూస్తున్నాను. బ్యోన్ కాగితపు కప్పును బల్ల మీద ముందుకు తోశాడు.

"తాగు. చల్లారిపోతోంది."

ఇన్‌బే కప్పు ఎత్తాడు. సగం దూరం వచ్చేసరికి కాఫీ అంచు దాటి వేళ్ల మీదికి, వేళ్ల మీద నుంచి బల్ల మీదికి ఒలికింది. రెండో చెయ్యి సాయం వేశాడు. అప్పుడు రెండూ వణికాయి.

"ఏంటయ్యా, అంత చలిగా ఉందా ఇక్కడ?"

"లేదు సార్."

"మరి? ఏం చేశాయో నీ చేతులకి నీకంటే ముందే గుర్తొచ్చినట్టుంది."

కుడిచెయ్యి కోటు జేబులో ఉంచుకునే తలుపు తోసి లోపలికి వెళ్లాను.

"సన్‌బే గారూ, నాది ఇంకా అవలేదు," అన్నాడు బ్యోన్. తనకంటే ముందు ఉద్యోగంలో చేరినవాళ్లను పిలిచే పిలుపు అది. అందులో గౌరవం పాలెంతో, నీ వయసైపోయిందని గుర్తుచేసే పాలెంతో బ్యోన్ నోట్లో పడితే తేల్చి చెప్పలేం.

"కానివ్వు. ఐదు నిమిషాలు మాట్లాడి పోతాను." కుర్చీ లాక్కుని ఇన్‌బే ఎదురుగా కూర్చున్నాను. "చేతులు ఒళ్లో పెట్టుకో. అలా వదిలెయ్. అవి నీవి కావనుకో."

ఒళ్లో పెట్టుకున్నాడు. పది లెక్కపెట్టాను. వణుకు ఆగిపోయింది.

"ఇప్పుడు ముందుకు చాపు."

చాపాడు. ఒక్కో చేతి మీద ఒక్కో తెల్లకాగితం పెట్టాను. రెండు కాగితాల అంచులూ సమానంగా అల్లాడాయి.

"ఎప్పటినుంచి ఇది?"

"పదో తరగతి నుంచి మేడం. మా తాతగారికీ ఇంతే. ఇంట్లో సూప్ గిన్నె ఆయనకొక్కడికే సగం పోసేవాళ్లు. ఒక్క గిన్నె బియ్యపు కల్లు దిగితే చేతులు రాయిలా నిలబడేవి. మందుగా తాగుతున్నాననేవారు. అమ్మమ్మ నమ్మేది కాదు."

"రాత్రి నిద్రపోయావా?"

"లేదు."

"కాఫీలెన్ని?"

"సారు ఇచ్చినవన్నీ తాగాను. ఆరో, ఏడో. పెద్దవాళ్లు ఇస్తే వద్దనలేను కదండీ."

బ్యోన్ గోడ గడియారం వైపు చూశాడు.

"ఈ చేతులతో ఆల్చిప్ప కోసి అతికే పని ఎలా నేర్చుకుంటున్నావు?"

"నేర్చుకోవట్లేదు. లక్క పూయడం, నూరడం, జిగురు కాచడం నా పని. చిప్ప కొయ్యడం గురువుగారొక్కరే. చేరిన మూడో ఏడు పిలిచి చెప్పారు. చేతులు నువ్వు చేసిన తప్పు కాదు, మిగతావి నేర్చుకో అని. పంపెయ్యలేదు మేడం."

"బుధవారం చెప్పు. ఒంటిగంట పద్దెనిమిదికి గేటు తీశావు. అంబులెన్సుకి ఫోన్ చేసింది ముప్పై ఒకటికి. ఆ పదమూడు నిమిషాలు?"

"మాడిన జిగురు వాసన సందు మొదట్లోనే కొట్టింది. గురువుగారు పక్క గదిలో ఉన్నా వాసన పట్టి పొయ్యి తగ్గించమనేవారు. మాడనిచ్చే మనిషి కాదు. పరిగెత్తాను. వెనక గుమ్మం దగ్గర వెల్లకిలా పడి ఉన్నారు. కళ్లు తిరిగాయనుకున్నా. పొయ్యి ఆర్పాను. పాదాలు రుద్దాను. తర్వాత సూది తెచ్చి బొటనవేళ్లు గుచ్చాను."

"అజీర్తి చేసినవాడికి గుచ్చుతారయ్యా," అన్నాడు బ్యోన్. "తల పగిలినవాడికి కాదు."

"తల వెనక దెబ్బ నాకు కనబడలేదు సార్. మా ఇంట్లో ఎవరు పడిపోయినా అమ్మమ్మ ముందు సూదే తీసేది. చెయ్యి నిలవలేదు. తొమ్మిదిసార్లు గుచ్చాను. ఒక్కదాంట్లోంచీ రక్తం రాలేదు."

అతను ఏడవలేదు. చేతులు మళ్లీ ఒళ్లో పెట్టుకుని, అవి తనవి కావన్నట్టు వదిలేశాడు.

వరండాలోకి రాగానే బ్యోన్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చంపి, ఆ తర్వాత వైద్యం నటించాడు. ఇందులో అంత లోతేముంది?"

"వాడి వణుకు వంశంలోంచి వచ్చింది. దాన్ని నువ్వు ఏడు కాఫీలు పోసి పెంచావు."

"మొహం అబద్ధమాడుతుంది, చేతులు ఆడవు. ఈ మాట నాకెవరు నేర్పారు సన్‌బే గారూ? నా మొదటి కేసు. ఆ మంగలి."

ఆ మంగలి పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. కూ మన్‌సిక్. తొమ్మిదేళ్ల కిందట, పోయిన డబ్బుల డబ్బా కోసం, ఆ గదిలోనే, ఆ బల్ల దగ్గరే. అతని కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద మాత్ర చుడుతున్నట్టు తిరుగుతూనే ఉంది. రెండు గంటలు దాన్నే చూసి, రిపోర్టులో 'నేరభయం' అని రాశాను. నాలుగో నెలలో అసలు దొంగ దొరికాడు. మన్‌సిక్ మూడో నెలలోనే జైలు స్నానాలగదిలో పడి ప్రాణం వదిలాడు. శవాన్ని చూసిన డాక్టరు, ఇది జబ్బు, కనీసం ఐదేళ్ల నాటిది అన్నాడు. వణుకు భయానిది కాదు. భయం నేను పెట్టాను.

ఏడాదిగా అదే బొటనవేలు, అదే చూపుడువేలు నా జేబులో తిరుగుతున్నాయి. కొన్ని పొద్దుల్లో, పూర్తిగా మెలకువ రాకముందు, దుప్పటి మీద ఉన్న ఆ చెయ్యి ఎవరిదో నాకు అర్థం కాదు. మన్‌సికే వచ్చి పక్కన కూర్చున్నాడనుకుంటాను.

"పని గది చూద్దాం పద," అన్నాను.

"రెండుసార్లు చూశాను."

"నేను చూడలేదు."

ఇన్‌బే గురువు, చనిపోయిన యోమ్ గ్యుతే ఇల్లు తోంగ్యోంగ్ రేవు మీది వాలులో ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. నల్ల లక్క పలక మీద ఆల్చిప్ప తళుకును అతికే పనిలో ఆ ఊళ్లో ఆయన తర్వాతే ఎవరైనా. తలుపు మీది సీలు బ్యోన్ ఊడదీసి ఒక్క అడుగు లోపల వేశాడు. వెంటనే మోచేయి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"అబ్బ. రెండు రోజులు మూసిపెట్టినా ఇంత కంపా. మీరెలా నిలబడ్డారు?"

"అలవాటు," అన్నాను.

నాకు ఏ వాసనా తెలియలేదు. గదిలో గాలి మంచినీళ్లలా ఉంది. పోయిన చలికాలం మా వంటింట్లో కిమ్చీ పచ్చడి జాడీ కుళ్లిపోతే పైఅంతస్తు ఆవిడ దిగి వచ్చి చెప్పేదాకా దాని పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.

వెనక గుమ్మం రాతి మీద సుద్దముక్కతో గీసిన గుర్తు ఉంది, తల తగిలిన చోట. గుమ్మానికీ పని బల్లకూ మధ్య నాలుగడుగులు. బల్లకు మూరెడు దూరంలో చిన్న పొయ్యి. దాని మీద నీళ్ల గిన్నె, నీళ్ల గిన్నెలో జిగురు గిన్నె. తోలు ఉడికించి తీసే ఆ జిగురు బొగ్గయిపోయి ఉంది. లోపలి గిన్నె నిలువునా పగిలింది.

బ్యోన్ నోటుబుక్కు తెరిచాడు. "వినండి. పన్నెండు పదికి ఇన్‌బే పలకని ఫోటో తీసి, దాన్ని చేయించుకుంటున్నావిడకి పంపాడు. అందులో పదకొండు వరుసలు. పన్నెండు పదిహేనుకి చిప్పల మూట తేవడానికి రేవుకి వెళ్లాడు. పన్నెండు ఇరవైకి నామ్‌గుంగ్ పెద్దాయన వచ్చారు, ఒంటిగంట పదికి వెళ్లారు. రెండూ ఎదుటి కొట్టు కెమెరాలో ఉన్నాయి. శవం దొరికేసరికి పలక మీద పద్నాలుగు వరుసలు. యోమ్‌కి వరుసకి పావుగంట పడుతుందని సంఘంలో చిన్నపిల్లాడికీ తెలుసు. మూడు పావుగంటలు. అంటే నామ్‌గుంగ్ ఉన్నంతసేపూ మనిషి బతికి ఉన్నాడు, పని చేస్తున్నాడు. పెద్దాయన వాంగ్మూలమూ అదే. తర్వాత లోపలికి వచ్చినవాడు ఒక్కడే."

నామ్‌గుంగ్ సోక్ చిప్ప పనివాళ్ల సంఘానికి పెద్ద. ఆయనా యోమూ యాభై ఏళ్ల కిందట ఒకే గురువు దగ్గర పని నేర్చారు.

నేను పలక మీదికి వంగాను. ఈ పని తీరు ఇది: దారమంత సన్నగా కోసిన చిప్ప పోగును జిగురు మీద ఆనించి, చాకు మొనతో నొక్కి, ముక్క తరవాత ముక్క తుంచుతూ అతుకుతారు. యోమ్ కొలబద్ద వాడేవాడు కాదు. మొదటి వరుస నుంచి పదకొండో వరుస వరకు నేను కొలబద్ద పెట్టి చూశాను. ప్రతి ముక్కా మూడు మిల్లీమీటర్లు. తేడా లేదు.

పన్నెండో వరుస మొదట్లో మూడు. మధ్యలో రెండున్నర. చివర్లో రెండు. పదమూడో వరుస మళ్లీ మూడుతో మొదలై ఒకటిన్నరకు దిగింది. పద్నాలుగో వరుస చివరి ముక్కలు నువ్వుగింజల్లో సగం. కోత మాత్రం ఎక్కడా వణకలేదు. గీత గీసినట్టుంది.

ఈ దిగుడు నేనెరుగుదును. పోయిన డిసెంబరు నుంచి నా డైరీలో ప్రతి వాక్యం అక్షరాలతో మొదలై చీమలతో ముగుస్తోంది.

"ఈ మూడు వరుసలూ యోమ్ కోసినవి కావు," అన్నాను.

"శవం లేచి కోసిందా?"

"ముక్కలు చూడు."

"అలిసిపోయాడు. డెబ్బై ఏళ్లు."

"అలిసిన చెయ్యి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కోస్తుంది. ఇది మెట్లు దిగినట్టు దిగింది. వరుస మారగానే మళ్లీ పైమెట్టు, మళ్లీ దిగడం. ఇంకోటి విను. ఆ గిన్నెలో పావుగంటకోసారి నీళ్లు పొయ్యాలి. పొయ్యకపోతే ఇరవై నిమిషాల్లో ఇగురుతాయి, ఇంకో పది నిమిషాలకి జిగురు మాడడం మొదలవుతుంది, ఇలా బొగ్గయి గిన్నె పగలాలంటే ఆపైన ఇంకో అరగంట. అంబులెన్సు వాళ్లు ఒంటిగంట నలభై మూడుకి వచ్చేసరికి గిన్నె పగిలి, గోరువెచ్చగా ఉంది. అంటే నీళ్లు పోసే మనిషి పన్నెండున్నర లోపే పోయాడు. తర్వాత ఎవరో ఈ బల్ల దగ్గర నింపాదిగా కూర్చుని మూడు వరుసలు కోశారు. సందు చివరకి కొట్టిన కంపు మూరెడు దూరంలో ఉన్నవాళ్లకి కొట్టలేదు. ఒక జబ్బులో ముక్కు పోతుంది, చేసేది చిన్నదవుతూ పోతుంది, పనిలో ఉన్న చెయ్యి మాత్రం వణకదు."

బ్యోన్ తెలివితక్కువవాడు కాదు. గిన్నె వైపు, పలక వైపు, తర్వాత నా జేబు వైపు చూశాడు.

"ముక్కు పోయినవాడు. ముక్కలు చిన్నవయ్యేవాడు. పనిలో వణకనివాడు. ఈ ముగ్గురూ ఒకడేనని ఏ పుస్తకంలో ఉంది? ప్రాసిక్యూటర్ నన్నడుగుతాడు. మా సన్‌బే గారికి అలా అనిపించింది అని చెప్పనా? ఒక్క డాక్టరు పేరు ఇవ్వండి. ఇప్పుడే ఆపేస్తా."

నాకు తెలిసిన డాక్టరు ఒకాయనే ఉన్నారు, పుసాన్‌లో. ఆయన పేరు చెబితే ఆయన దగ్గరకు నేనెందుకు వెళ్లానో కూడా చెప్పాలి. నెలాఖరుకి మా దర్యాప్తు బృందానికి కొత్త నాయకుణ్ణి వేస్తారు. జాబితాలో రెండే పేర్లు, అతనిదీ నాదీ. చెయ్యి వణికే మనిషికి మా దగ్గర ఇచ్చేది కాగితాల గది.

కొలబద్దను ఎడమ జేబులో వేసుకున్నాను.

"నాలుగున్నరకి కారు సిద్ధంగా ఉంటుంది," అన్నాడు బ్యోన్. "ఐదుకి పది నిమిషాలు తక్కువలో ఇన్‌బే ఎక్కుతాడు."

నామ్‌గుంగ్ ఇంటికి మెట్లు ఎక్కుతుంటే పుసాన్ డాక్టరు మాటలు వెంట నడిచాయి. 'అందరి చేతులూ వణుకుతాయమ్మా. భయానికి, కోపానికి, చలికి, ఆకలికి, నిద్ర చాలక, కాఫీ ఎక్కువై, కొన్ని మందులకి, గొంతు దగ్గరి గ్రంథి అతిగా పనిచేసినా. కారణం పోతే అదీ పోతుంది. కొందరికి తాతల నుంచి వస్తుంది, గ్లాసెత్తితే రెండు చేతులూ వణుకుతాయి, సూపు ఒలుకుతుంది, ప్రాణానికేం కాదు. కానీ పని లేకుండా ఊరుకున్న చెయ్యి, అదీ ఒక పక్కదే, తనంతట తాను వణికితే, దానికి తోడు వాసన పోతే, రాత చిన్నదైతే, నడకలో ఆ చెయ్యి ఊగడం మానేస్తే, అప్పుడు ఒక్క వారం కూడా ఆలస్యం చెయ్యొద్దు.' నేను తొమ్మిది నెలలు ఆలస్యం చేశాను. ఇచ్చిన మందుల చీటీ ఇప్పటికీ పర్సులో మడత పెట్టే ఉంది.

మూడు గంటల యాభై ఐదుకి ఆయన తలుపు తీశారు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. మొహంలో ఏ కదలికా లేదు. దుఃఖమనుకున్నాను.

"కూర్చోండి ఇన్‌స్పెక్టరమ్మా. బార్లీ పొయ్యి మీద వేశాను, వేగితే టీ పెడతాను. అందాకా ఇది తాగండి."

చల్లటి రేగుపళ్ల రసం కూజా తెచ్చారు. కుడిచేత్తో కూజా పట్టుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టును ఒడిసి పట్టి నా గ్లాసులో పోశారు. పెద్దలకు పోసే పద్ధతి అది. ఆయన నాకంటే పదహారేళ్లు పెద్ద. పోలీసు ఉద్యోగానికిచ్చిన మర్యాదనుకున్నాను.

తర్వాత తన గ్లాసులో పోసుకున్నారు. అలాగే, రెండు చేతులతో.

తనకు తాను మర్యాద చేసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు.

"మీరున్నంతసేపూ ఆయన పని చేస్తూనే ఉన్నారా?"

"మాట్లాడుతూ కూడా చెయ్యి ఆపడు వాడు. యాభై ఏళ్లుగా చూస్తున్నా కదా. నా ఎదుటే మూడు వరుసలు వేశాడు."

"జిగురు పొయ్యి మీదే ఉందా?"

"ఉంది. ఏం?"

"గదిలో తేడాగా ఏమైనా అనిపించిందా?"

"ఏం తేడా? హాయిగా కబుర్లు చెప్పుకున్నాం. వచ్చేటప్పుడు తలెత్తకుండానే వెళ్లిరా అన్నాడు."

"ఈ మాటే మీ చేత్తో రాసి సంతకం పెట్టండి."

పెన్ను అందుకున్నారు. ఎడమ చేతిలోంచి బయటపడ్డ కుడిచెయ్యి ఒక్క క్షణం గాలిలో అల్లాడి, మొన కాగితాన్ని తాకగానే నిమ్మళించింది. నేను అక్షరాలనే చూస్తున్నాను. మొదటి మాట బఠాణీ గింజంత. రెండో వరుసకి మినపగింజ. ఆయన పెన్నునే చూస్తున్నారు. గడియారం కొట్టుకుంటోంది. 'తలెత్తకుండానే' అన్న చోట అక్షరాలు ఆవగింజలయ్యాయి. ఎందుకో కాగితం మసకబారినట్టనిపించి తలెత్తాను.

దీపం చుట్టూ పొగ. వంటింటి తలుపు మీద నుంచి నల్లగా దొర్లి, గది సగం వరకు దిగి ఉంది. బార్లీ ఎప్పుడో మాడిపోయింది.

ఆయనా తలెత్తారు. పొగ వైపు చూసి, తర్వాత చాలాసేపు నా వైపు చూశారు.

"నీకూ తెలియలేదు," అన్నారు. ఇంతసేపూ ఉన్న 'మీరు' పోయింది.

ఆయన లేచి వెళ్లి పొయ్యి ఆర్పి, కిటికీ తెరిచి, తిరిగొచ్చి కూర్చున్నారు. ఈసారి చేతులు దాచలేదు. బల్ల మీద వదిలిన కుడిచేతి బొటనవేలు మాత్ర చుట్టడం మొదలుపెట్టింది.

"ఎన్నాళ్లయింది?"

"ఏడాది."

"నాకు నాలుగేళ్లు. ముందు ముక్కు పోయింది. లక్క వాసన తెలియకపోతే జలుబనుకున్నా." తన చేతిని పక్కింటివాళ్ల పిల్లిని చూసినట్టు చూశారు. "రెండేళ్లుగా నా పేరు మీద బయటికి వెళ్లిన పెట్టెలన్నీ గ్యుతే కోసినవే. నేను అడగలేదు. ఒకరోజు నా పలక ఎత్తుకుపోయి, పూర్తి చేసి తెచ్చిచ్చాడు. అంతే."

"బుధవారం?"

"వచ్చే నెల మా పనితనం చూసే పరీక్షకులు వస్తున్నారు, నేను అందరి ముందూ కూర్చుని కొయ్యాలి. ఇక దాచలేం, నేనే వెళ్లి చెప్పేస్తాను, నువ్వు వైద్యం చేయించుకో, అన్నాడు. నా మంచికే. అది తెలుసు. తెలియబట్టే తట్టుకోలేకపోయాను. తోశాను."

కిటికీలోంచి పొగ పోతోంది. ఆయన గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు.

"ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చున్నారు."

"సాక్ష్యం కల్పించడానికని రాసుకుంటావు. అది నిజమే. కానీ మొదటి నాలుగు ముక్కలు కోశాక అది మరిచిపోయాను. చెయ్యి వణకడం లేదు. పోగు మాట వింటోంది. నాలుగేళ్ల తర్వాత నా చెయ్యి నాకు తిరిగొచ్చిందనుకున్నా. వాడు వెనకే ఉన్నాడు. చూడు గ్యుతే, అన్నాను. ఒకసారి కాదు. వరుస వరుసకీ అన్నాను."

ఆ గదిలో ఆ నలభై ఐదు నిమిషాలు నాకు కనబడ్డాయి. చాకు మొన టిక్కు టిక్కుమంటోంది. నాలుగడుగుల వెనక చూపు లేని కళ్లు. గదినిండా కంపు. మధ్యలో ఒక ముసలి మనిషి సంతోషంగా ఉన్నాడు.

"ముక్కలు చిన్నవయ్యాయి," అన్నాను.

"అవునా?" మొదటిసారి ఆయన కళ్లు ఆర్పారు. "నాకలా కనబడలేదే."

"కనబడదు. మనకి సరిగ్గానే ఉన్నట్టుంటుంది."

ఆయన తను రాసిన కాగితాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసుకున్నారు. మడిచి నా ముందు పెట్టారు.

"పట్టుకెళ్లు. ముసలాడి రాత అంటారు. ఇప్పుడు చెప్పిందేదీ ఇంకొకరి ముందు చెప్పను. అప్పుడు నీకెలా తెలిసిందని నిన్నడుగుతారు. జేబులోది బయటికి తియ్యాలి. తియ్యగలవా? నా వల్ల కాలేదమ్మా. ఒక ప్రాణం పోయింది కానీ నేను తియ్యలేదు. నువ్వు ఊరుకో, నేనూ ఊరుకుంటాను. ఆ కుర్రాడికి పెళ్లాం పిల్లలూ ఎవరూ లేరు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. మన్‌సిక్‌కి కూడా ఎవరూ లేరని, వచ్చి అడిగేవాళ్లు లేరని, అప్పట్లో స్టేషన్లో ఎవరో అన్నారు. అన్నది నేనే అయివుండొచ్చు.

నాలుగూ నలభై ఆరుకి ఫోన్ మోగింది. బ్యోన్.

"సన్‌బే గారూ, ఇన్‌బేని కారెక్కిస్తున్నాం. మీకు చెప్పకుండా పంపానని రేపు అనకూడదు కదా."

"ఆపు. ఆ మూడు వరుసలు కోసింది నామ్‌గుంగ్ సోక్."

"ఒప్పుకున్నాడా?"

నామ్‌గుంగ్ నన్నే చూస్తున్నారు. తల అడ్డంగా ఊపారు, చిన్నగా.

"నా ముందు ఒప్పుకున్నారు. ఇంకెవరి ముందూ ఒప్పుకోరు. కానీ ఆయనకి జబ్బుంది. ఆ వరుసలు ఆ జబ్బు చేతివి. ఆయన్ని డాక్టరుకి చూపించాలి, ఇప్పుడే."

"మళ్లీ అక్కడికే వచ్చారు. పలక మీద ముక్కలు చూసి జబ్బు పేరు చెప్పడానికి మీరెవరు?"

అవతల కారు ఇంజను శబ్దం. నేను కుడిచేతిని జేబులోంచి తీసి బల్ల మీద, ఆయన చేతి పక్కన పెట్టాను. రెండూ ఆడాయి. ఒకే తాళంలో కాదు. ఆయనది నెమ్మది, నాది కాస్త తొందర.

నామ్‌గుంగ్ చూపు తిప్పుకున్నారు.

"చెప్పే ముందు ఒక్క మాట," అన్నాడు బ్యోన్. గొంతు మారింది. "ఫోన్ స్పీకర్లో ఉంది. చీఫ్ గారు పక్కనే నిలబడి ఉన్నారు."

హెచ్చరించాడో, ఉచ్చు ఎక్కడుందో చూపించి మరీ బిగించాడో నాకిప్పటికీ తెలియదు. అడగలేదు.

"మంచిదే," అన్నాను. "రాసుకోండి. దర్యాప్తు అధికారి తాక్ మిరాన్, వయసు యాభై నాలుగు. ఏడాదిగా కుడిచెయ్యి పని లేనప్పుడు వణుకుతోంది. పనిలో ఉంటే వణకదు. వాసన తెలియదు. ఈ మధ్యాహ్నం యోమ్ పని గదిలో బ్యోన్‌కి తెలిసిన కంపు నాకు తెలియలేదు. రాత వాక్యం చివరికొచ్చేసరికి చిన్నదవుతుంది. డిసెంబరు నుంచి నేను రాసిన రిపోర్టులన్నీ మీ బీరువాలో ఉన్నాయి, తీసి పలక పక్కన పెట్టి చూడండి."

అవతల కాగితం మీద పెన్ను కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"డాక్టరు పేరు?" అన్నది చీఫ్ గొంతు.

చెప్పాను. ఊరు, వీధి, ఫోన్ నంబరు కూడా చెప్పాను. నంబరు రెండోసారి చదివి సరిచూసుకున్నాడు బ్యోన్. తర్వాత ఫోన్‌కి దూరంగా, ఇంకెవరితోనో, నేను ఎన్నడూ అతని నోట వినని మెత్తటి గొంతుతో అన్నాడు.

"డోరు తియ్యవయ్యా. అతన్ని దిగమను."